తాతయ్య కాలి పుండుకి మేం రాసిన మందులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ డాక్టర్లే. చదువుకున్న డాక్టరు ఒక్కరూ లేరు, అది వేరే సంగతి. ఎవరికి తుమ్ము వచ్చినా నలుగురు నాలుగు మందులు చెప్పేవారు, చెప్పిన మందు వాడకపోతే అలిగేవారు కూడా. మాది సన్నీవేల్‌లో రెండు పడకగదుల అద్దె అపార్ట్‌మెంటు. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమ్మ ఇంట్లోనే ఉండేది, నాకు తొమ్మిదేళ్ళు. చిన్ననాటి ముచ్చట అనగానే జనం నా గొంతులో తీపి వెతుక్కుంటారు. నా దగ్గర తీపి లేదు. ముప్పై ఏళ్ళు గడిచినా ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో ముందే చెప్పేస్తాను. మా వాళ్ళందరి మీద, వాళ్ళకంటే ఎక్కువ నా మీద.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. గుంటూరు దగ్గర ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అమ్మమ్మ పోయిన ఏడాది, ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉండేవాడు, కూర్చున్నా వీపు వంగేది కాదు. చాలా ఏళ్ళుగా షుగరు. అరికాళ్ళలో స్పర్శ ఎప్పుడో పోయింది. వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అదేదో వరమన్నట్టు చెప్పుకుని నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్ళం. అంత తెలివితక్కువ నవ్వు మా ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు.

వచ్చిన కొత్తలో నాన్న ఆయనకి మంచి బూట్లు కొన్నాడు, పొద్దున్నే నడవడానికి. ఆ బూటు కరిచింది. కరిచిన సంగతి కాలికి తెలియదు కాబట్టి ఆయనకీ తెలియలేదు. వారం తర్వాత సాక్సు ఉతుకుతూ అమ్మ మరక చూసింది. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్ళంత పుండు. అమ్మ ఏడ్చింది. తాతయ్య మాత్రం ఎవరి కాలో చూస్తున్నట్టు వంగి చూసి, దీనికింత హడావుడి ఎందుకమ్మా అన్నాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, ఆ మాట నిజం. మా వాళ్ళు చెయ్యాల్సింది చెయ్యలేదని నేను అనను. ఆ డాక్టరు చచ్చిన చర్మం కోసి, వెండి కలిసిన తెల్ల క్రీము ఒకటి రాసిచ్చి, మోకాలి దాకా వచ్చే బూడిదరంగు బూటు ఒకటి తొడిగించాడు. బొంత లాంటి మెత్తతో, చుట్టూ పట్టీలతో, అడుగున పడవలా వంపు తిరిగిన పెద్ద బూటు. పుండు మీద బరువు పడకుండా అది కాపాడుతుందట. జాగ్రత్తగా ఉండకపోతే చీము ఎముకకి దిగుతుందని, అప్పుడు వేలు, ఆ తర్వాత పాదం తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పాడు. ఇంటికొచ్చి నాన్న ఇదంతా తెలుగులో వినిపించాడు. పాదం పోతుందన్న మాట దగ్గర అమ్మ చెవులు మూసుకుంది. నడిచేటప్పుడు బూటు వేసుకోవాలట అన్న మాట దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. నడవడం అంటే మా వాళ్ళకి బయట నడవడమే.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. మా అపార్ట్‌మెంటులో గోడనించి గోడదాకా మీగడరంగు కార్పెట్. దాని మీద మరక పడితే అమ్మకి ప్రాణం పోయినంత పని. తెలుగిళ్ళలో చెప్పులు గుమ్మం బయటే అన్న సంగతి ఎవరికీ నేర్పనక్కర్లేదు గానీ, మా ఇంట్లో దానికొక కాపలాదారు ఉండేది, అది నేను. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది, పాతిక జతల చెప్పులు గుమ్మం పక్కన నేనే వరసలో పెట్టేదాన్ని. బూట్లతో ఒక్క అడుగు లోపల వేసినా సరే, పాస్టరుగారినైనా ఆపేసేదాన్ని. అందరూ నవ్వుకుని, పిల్ల గట్టిదే అని మెచ్చుకునేవారు. తాతయ్యకి నా పద్ధతి మరీ నచ్చింది. డ్రిల్లు మాస్టారు కదా, నేను చెప్పులు అనగానే మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టి విప్పేవాడు.

డాక్టరు దగ్గర్నించి వచ్చిన రోజు ఆయన ఆ పెద్ద బూటుతోనే గుమ్మం దాటబోయాడు. నేను రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను.

"తాతయ్యా, నో షూస్! కార్పెట్!"

"ఇది వేసుకునే ఉండమన్నాడమ్మా డాక్టరు."

"అది బయట. ఇంట్లో కాదు."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ చేతిలో మందుల సంచీతో, దాని మాటా నిజమే నాన్నా, వీధంతా తొక్కొచ్చిన బూటు కదా అంది. నాన్న కారు తాళాలు తగిలిస్తూ విననట్టే ఉన్నాడు. తాతయ్య ఇంకొక్క క్షణం నిలబడి, ఎస్ మేడమ్ అని సెల్యూట్ కొట్టి, చెప్పుల స్టాండు మీద కూర్చుని పట్టీలన్నీ ఒక్కొక్కటిగా ఊడదీశాడు. నేను ఆ బూటు అందుకుని స్టాండు పక్కన నిలబెట్టాను. ఆ తర్వాత వారాల తరబడి అది అక్కడే ఉంది. పొద్దున్న పావుగంట బయట నడకకి కాలికెక్కేది, మిగతా రోజంతా గోడకి చేరగిలబడి ఉండేది.

ఇక మందుల తిరునాళ్ళ మొదలైంది. డాక్టరిచ్చిన క్రీముకి మూడు రోజులు గడువిచ్చారు మావాళ్ళు. నాలుగో రోజుకి పుండు మానలేదు కాబట్టి అది పనికిరాదని తేల్చారు. శుక్రవారం కూటానికి వచ్చిన ఒక ఆంటీ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమంది, వాళ్ళ మామగారికి వారంలో మానిందట. ఆమె మామగారికి వచ్చింది గజ్జి అని తర్వాత తెలిసింది. ఇంకొక అంకుల్ ఎక్కడిదో విదేశీ తేనె సీసా పట్టుకొచ్చాడు. మరొకరు మందుల షాపులో దొరికే పెరాక్సైడ్ పోయమన్నారు, అది పోస్తే పుండు బుస్సుమని నురగ కక్కేది. ఆ నురగ చూసి అందరికీ ఎంత తృప్తో! మురికంతా పోతోందమ్మా అని కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పేవారు. ఒకావిడ ఇండియా నించి పటిక తెప్పించింది. ఇంకొకాయన ఆఫీసు ప్రింటరు మీద ఇరవై పేజీలు అచ్చేసుకొచ్చి, అందులో ఉన్న ఏడు జెల్లులలో ఏది మంచిదో మా నాన్నతో గంటసేపు వాదించాడు. వాదన జరుగుతున్నంతసేపూ తాతయ్య వాళ్ళకి కాఫీలు అందిస్తూ తిరుగుతున్నాడు, వట్టి కాళ్ళతో.

మా నాన్న వీళ్ళందరినీ మించిపోయాడు. కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి గడిలో తారీఖు, రెండో గడిలో ఆ వారం రాసిన మందు, మూడో గడిలో పుండు కొలత. ఒక్కో మందుకి ఒక్కో వారం ఇద్దాం, ఏది పని చేస్తుందో డేటానే చెబుతుంది అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం చర్చి నించి రాగానే స్కేలు పెట్టి కొలిచేవాడు. కొలత వారం వారం పెరిగింది. ఆ పట్టికకి రంగులు కూడా వేశాడు మహానుభావుడు, పుండు పెరిగిన వారం ఎర్ర రంగు. వరసగా ఐదు ఎర్ర గడులు చూశాక కూడా ఆయనకి తోచింది ఆరో మందు కొనాలనే. ముసలాయన రోజంతా ఎక్కడెక్కడ నడుస్తున్నాడో రాసుకోవడానికి అందులో ఒక్క గడి లేదు. ఇంత చదువుకున్నవాడు! ఇప్పటికీ ఆయనతో ఈ మాట అంటే, ఆ రోజుల్లో ఎవరికి తెలుసే అని విసుక్కుంటాడు.

తెలిసిన మనిషి మా గోడకి అవతలే ఉంది. పక్కింటి అక్కది వరంగల్ వైపు. ఆస్పత్రిలో నర్సు, అందులోనూ మానని పుండ్లకి కట్లు కట్టే విభాగంలో పనిచేసేది. ఆ సంగతి మా వాళ్ళకి బాగా తెలుసు. అయినా ఆమెని పిలవలేదు. ఎందుకంటే ఆమె మొగుణ్ణి వదిలేసి ఒంటరిగా ఉంటుంది, ఆమెకి నోటి దురుసు, ఆమె ఎవరి కూటానికీ రాదు. ఒకసారి మా నాన్న కారు అడ్డంగా పెడితే అందరి ముందూ కడిగిపారేసింది. ఆమె మాట యాసని మా ఇంటికొచ్చే ఆంటీలు ఎక్కిరించి నవ్వుకునేవారు. గజ్జి మానిన మామగారి కోడలు చెప్పింది వేదం, రోజుకి పది పుండ్లు చూసే మనిషి చెప్పేది పనికిరాదు. మనవాళ్ళ సంస్కారం అలా ఏడ్చింది.

ఒక శనివారం పొద్దున్న ఆమె తనంతట తనే మా తలుపు కొట్టింది. పుండు వాసన నడవలోకి వచ్చిందట. మా ముక్కులకి అలవాటైపోయింది గానీ, ఆమె ముక్కుకి ఆ వాసన అంటే ఏమిటో తెలుసు. అమ్మ తలుపు సగమే తీసింది. ఆ సగంలోంచే ఆమె లోపలికి వచ్చేసింది, చెప్పులు బయటే విప్పి. అందుకని నాకు అడ్డుకునే అవకాశం దొరకలేదు. తాతయ్య కుర్చీ ముందు నేల మీద చతికిలబడి కట్టు విప్పింది. బల్ల మీద వరసగా ఉన్న సీసాలు, ట్యూబులు చూసింది.

"ఏందమ్మా ఇవన్ని? పుండుకు మందు పెడ్తున్రా, పెండ్లి పెడ్తున్రా?"

అమ్మ ముఖం చిన్నబోయింది. తాతయ్య మాత్రం నవ్వాడు, పాపం. డాక్టరు బూటు ఇవ్వలేదా అని ఆమె అడిగితే, ఇచ్చాడు, బయటికెళ్ళినప్పుడల్లా వేస్తున్నాం అని అమ్మ చెప్పింది. ఇంట్ల తిరగడా అని ఆమె మళ్ళీ అడిగింది. ఇంట్లో ఎక్కడ తిరుగుతానమ్మా, ఈ కుర్చీలోనే కదా కూర్చునేది అన్నాడు తాతయ్య. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు, మేమూ అలాగే అనుకుంటున్నాం.

ఆమె అరుస్తుందని నేను ఎదురుచూశాను. అరవలేదు. ఉప్పునీళ్ళు కాచి చల్లార్చమని చెప్పి, వాటితో పుండు కడిగి, తన సంచీలోంచి శుభ్రమైన గుడ్డ తీసి కట్టు కట్టింది. కట్టడం అయ్యాక అమ్మతో, జర పసుపు ఇయ్యుండ్రి అంది. అమ్మ ముఖం ఎలా వెలిగిపోయిందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. చూశారా, చివరికి నర్సు కూడా పసుపే అడిగింది! పరుగెత్తి డబ్బా తెచ్చింది. ఆమె గిన్నెలో పసుపు చిక్కగా కలిపి, దాంట్లో ఒక గుడ్డ మడత ముంచి, దాన్ని పుండు మీద కాదు, కట్టంతా అయిపోయాక పైన, అరికాలి కింద అంటించి అంచులకి ప్లాస్టరు వేసింది. ఇది కుర్చీల కూసుంటేనే పన్జేస్తది, నేను రెండు గంటలల్ల వస్త అని చెప్పి వెళ్ళిపోయింది. తాతయ్య బుద్ధిగా తలూపాడు.

అమ్మా నాన్నా కూరగాయలకి వెళ్ళారు. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు. నేను నా గదిలో స్కూలు ప్రాజెక్టు చేసుకుంటున్నాను, సౌరకుటుంబం బొమ్మ. గదిలోంచి కదలకుండా అరవడం నాకు బాగా అలవాటు. తాతయ్యా నీళ్ళు, తాతయ్యా కత్తెర, తాతయ్యా ఫోన్ మోగుతోంది, తాతయ్యా వచ్చి చూడు శనిగ్రహం ఎంత బాగా వచ్చిందో. అడిగినదల్లా వచ్చింది. ఒక్కసారి కూడా, కాలు బాగోలేదమ్మా నువ్వే వచ్చి తీసుకో అనలేదు ఆయన. అనే మనిషి కాదు. నేను తల ఎత్తి చూసిన పాపాన పోలేదు.

మొదట కేక వేసింది అమ్మ, గుమ్మంలో సంచులు పట్టుకుని. నేను పరుగెత్తుకొచ్చి చూశాను. మీగడరంగు కార్పెట్ నిండా పసుపు ముద్దలు. కుర్చీ నించి వంటింటికి, వంటింటి నించి నా గదికి, నా గది నించి ఫోను దగ్గరికి, అక్కణ్ణించి కిటికీకి, మళ్ళీ నా గదికి. ఒక దారైతే వెళ్ళి వచ్చి, వెళ్ళి వచ్చి, చిక్కటి పసుపు చారలా అయిపోయింది. ఆ దారి నా తలుపు దగ్గర ఆగింది. తాతయ్య కుర్చీలో కూర్చుని, తన కాళ్ళ ముందున్న మరకలని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యంగా చూస్తున్నాడు. నేనే నడిచానా అన్నాడు మెల్లిగా.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. వచ్చి మా అమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను పిలిచింది. లెక్కపెట్టు అంది. నేను మరకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, గట్టిగా, ఇంగ్లీషులో. నూరు దాటింది. నూట ఇరవై, నూట ముప్పై. నూట నలభై దాటాక ఆపేశాను. ఇంకా ఉన్నాయి.

"గివన్ని రెండు గంటల అడుగులు. రోజుకెన్ని? ఐదు వారాలకెన్ని? అడుగుకొక్కసారి గా పుండు మీద మనిషి బరువంత పడ్తుంది. మీరేమో పైనుంచి తేనె పోస్తున్రు!"

అక్కణ్ణించి ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. పెరాక్సైడ్ సీసా ఎత్తి చూపించి, ఇది కొత్తగా వచ్చే కండని కూడా కాలుస్తుంది, నురగ చూసి సంబరపడ్డారా అంది. డాక్టరిచ్చిన క్రీము మంచిదే, తేనె కూడా మా దగ్గర పెడతాం, శుభ్రం చేసింది పెడతాం, అయితే ఏ మందూ పుండుని మాన్పదు, కాలే మాన్పుకుంటుంది, దాన్ని తొక్కకుండా ఉంటే చాలు అంది. నాన్న కంప్యూటరు పట్టిక తెచ్చి చూపించబోయాడు. అది తీస్కపోయి మీ ఆఫీసుల చూపెట్టుకో అంది. నాన్న అంత చిన్నగా కనపడడం నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగా కూడా ఉంది, చివాట్లు పెద్దవాళ్ళకి పడుతున్నాయి కదా అని.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ఆమె గుమ్మం దగ్గరికెళ్ళి, గోడకి ఆనించి ఉన్న బూటు తీసుకొచ్చి తాతయ్య ముందు నేల మీద కొట్టినంత పని చేసింది.

"ఇంట్ల గిది ఎందుకిప్పినవ్ పెద్దాయనా? ఎవరిప్పమన్నరు?"

అమ్మ చీర కొంగు మెలిపెడుతూ కార్పెట్ వైపు చూస్తోంది. ఆయన ఒక్క చూపు నా వైపు తిప్పి ఉంటే చాలు, అందరికీ తెలిసిపోయేది. తిప్పలేదు. అమ్మ వైపు కూడా చూడలేదు. తిన్నగా ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పాడు.

"నేనేనమ్మా. ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చెప్పులేసుకునే అలవాటు లేదు నాకు."

ఆమెకి మండింది. ఇంత వయసొచ్చింది, సోయి లేదా అంది. కాలు పోతే మంచం పట్టి బిడ్డ చేత ఎత్తిపోయించుకుంటావా అంది. పిల్లలకి డ్రిల్లు నేర్పినవట, నీకు కాలు విలువ తెలియదా అంది. ఎన్ని మాటలంది! ఊళ్ళో ఎదురొస్తే పెద్దపెద్దవాళ్ళు నమస్కారం పెట్టే మనిషి, ఎదిగిన కూతురి ముందు, అల్లుడి ముందు, మనవరాలి ముందు తల దించుకుని కూర్చున్నాడు. ఆ రోజే మొదటిసారి ఆయన వీపు వంగడం చూశాను. నోరు తెరిచి, నేనే చెప్పాను అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు తెలుగు రాదా, ఇంగ్లీషు రాదా? నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను. అమ్మ కూడా అనలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మేం పిడికెళ్ళు దాచుకుని పాపమంతా ఆయన చేతిలో పోశాం.

తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను, సాగదీయడానికి నాకు ఓపిక లేదు. పక్కింటి అక్క ఆ రోజే కారెక్కించి తను పనిచేసే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. చీము అప్పటికే ఎముకకి దిగింది. బొటనవేలు తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అమ్మ ఆ బూటు అడుగుని సబ్బుతో కడిగి, తుడిచి, మంచం పక్కనే పెట్టింది. ఆయన లేస్తే బూటుతోనే లేచేవాడు. ఏ క్రీముని మూడు రోజుల్లో పనికిరాదన్నామో, అదే క్రీము రాస్తే మిగిలిన గాయం మూడు నెలల్లో మూసుకుపోయింది. పాదం దక్కింది. మందులు మోసుకొచ్చిన వాళ్ళంతా, మేం చెప్పినవి సరిగ్గా వాడి ఉండరు అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారట. పక్కింటి అక్కకి కృతజ్ఞత చెప్పడానికి అమ్మ ఒక చీర పట్టుకెళ్తే, ఇది నాకెందుకు, ఆయన కాళ్ళ మీద పెట్టు అని తలుపేసుకుంది.

బొటనవేలు లేని కాలు నేలని సరిగ్గా తన్నలేదు. ఆయన ఇండియా వెళ్ళేనాటికి నడక ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎయిర్‌పోర్టులో కూడా నాకు సెల్యూట్ కొట్టాడు. ఇంకా ఏడేళ్ళు బతికాడు. ఆదివారాలు ఫోన్ చేసేవాడు, చదువు గురించి అడిగేవాడు, వాతావరణం గురించి చెప్పేవాడు. ప్రతిసారీ ఆ మాట నా నోటిదాకా వచ్చేది. ఈసారి కాదులే, వచ్చే వారం అనుకునేదాన్ని. ఒకసారి, తాతయ్యా ఆ బూటు సంగతి, అని మొదలుపెట్టాను కూడా. ఆయన వెంటనే, లెక్కల్లో ఎన్ని మార్కులమ్మా అన్నాడు. నాకు కావలసింది కూడా అదే, మార్కులు చెప్పేశాను.

ఇప్పుడు నేను రెడ్‌మండ్‌లో ఉంటున్నాను. పుండ్లతో, మందులతో సంబంధం లేని ఉద్యోగం. మా తెలుగు చర్చిలో పిల్లలు నన్ను కోపిష్ఠి ఆంటీ అంటారు, నా వెనక. ఎవరింట్లోనైనా షుగరున్న పెద్దవాళ్ళకి కాలి పుండని వింటే నేను ఆగలేను. మా చర్చి వాళ్ళ ఫోన్ గ్రూపులో వెంటనే మొదలవుతుంది కదా మన వైద్యం, కలబంద గుజ్జంటారు, వేపనూనె అంటారు, ఫలానా స్ప్రే అంటారు. ఒకాయనైతే వీడియోలే పంపిస్తాడు. ఆ పండితులందరినీ నేను గ్రూపులోనే కడిగేస్తాను. ఆమెకేం తెలుసు, డాక్టరా అని గొణుక్కుంటారు. గొణుక్కోనీ.

పోయిన నెల ఒకింటి నించి ప్రార్థన మనవి వచ్చింది, మా అత్తయ్యగారి కాలు మానడం లేదు అని. ఆదివారం ఆరాధన అయ్యాక తిన్నగా వాళ్ళింటికి డ్రైవ్ చేశాను. తలుపు తీసింది ఎనిమిదేళ్ళ పిల్ల. ఆంటీ, షూస్ ప్లీజ్ అంది, చెయ్యి చాచి. విప్పాను. సోఫాలో పెద్దావిడ, కాలికి కట్టు, కట్టు కింద వట్టి నేల. బల్ల మీద పదకొండు మందులు. డాక్టరిచ్చిన బూటు ఎక్కడుందో నేనెవర్నీ అడగనక్కర్లేదు, గరాజ్‌లో చెప్పుల స్టాండు కింద ఉంది. తీసుకొచ్చి కొడుకునీ కోడల్నీ చడామడా దులిపాను. మీరు చదువుకున్నారా, గాడిదలు కాశారా అన్నాను. ఇద్దరూ నేల చూపులు చూశారు. ఇంట్లో ఇది ఎవరు విప్పమన్నారండీ మిమ్మల్ని అని పెద్దావిడని అడిగాను, అడిగిన మరుక్షణం నాలుక కరుచుకున్నాను.

"నేనేనమ్మా, అలవాటు" అంది ఆవిడ.

నా వెనక నించి చిన్న గొంతు వినపడింది. "ఆంటీ, ఇట్ వాజ్ మీ. షూస్ తీసెయ్ అని నేనే చెప్పా నానమ్మకి."

వెనక్కి తిరిగి చూశాను. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. అయినా ఎదురుగా నిలబడి నా కళ్ళలోకే చూస్తోంది, తిడితే తిట్టుకో అన్నట్టు. ఇంటిల్లిపాదినీ దులిపిన నా నోట్లో ఒక్క తిట్టు మిగల్లేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"నేనూ చెప్పానే అమ్మా, మా తాతయ్యకి. నీ అంతే ఉన్నప్పుడు. నువ్వు ఒప్పుకున్నావు, నేను ఒప్పుకోలేదు" అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి మీదా అరుస్తూ మోస్తున్నది ఆ ఒక్క ముక్కనే. అది మా తాతయ్యకి చెప్పాల్సింది, ఆయన తల దించుకుని కూర్చున్న ఆ గదిలోనే.